వార్త చదివే గొంతు ఎవరిది?

ఈసారి మా ఆశ్రమ పాఠశాల పిల్లలు వెళ్లిన వక్తృత్వ పోటీల్లో ఉపన్యాసంతో పాటు ‘రేడియో వార్తలు’ అనే అంశం కూడా ఉంది. నిబంధనలు తేలికగానే కనిపిస్తాయి. పొద్దున కొన్ని దినపత్రికలు ఇస్తారు. వాటిలోంచి వార్తలు ఎంచుకుని, వినడానికి వీలుగా తిరగరాసి, ఐదు నిమిషాల్లో మైకు ముందు చదవాలి. సమయం దాటితే మార్కులు పోతాయి.

సాధన కోసం తొమ్మిదో తరగతి అమ్మాయికి ఆ రోజు పేపర్లు ఇచ్చాను. ఇంట్లో గోండి మాట్లాడుతూ పెరిగిన పిల్ల. జిల్లా పేజీలో ఒక వార్త దగ్గర ఆగిపోయింది. పోడు భూముల్లో మొక్కలు నాటడానికి వెళ్లిన అటవీ సిబ్బందిని ‘ఆక్రమణదారులు’ అడ్డుకున్నారని, కొందరిపై కేసు పెట్టారని ఆ వార్త.

“సార్, ఇది మా మేనమామ వాళ్ల ఊరు. ఆయన్ని ఆక్రమణదారుడని నా నోటితో చదవాలా?” అని అడిగింది.

ఉన్నది ఉన్నట్టు చదువు, వార్త నీది కాదు కదా అని చెప్పేయవచ్చు. కానీ అది పూర్తి నిజం కాదు. జరిగిన సంగతి మనది కాకపోవచ్చు. దాన్ని ఏ మాటతో చెబుతామన్నది మాత్రం మన ఎంపికే. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అటవీ భూమిని సాగు చేసుకుంటున్న గిరిజనుల హక్కును గుర్తించాలని 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెబుతోంది. ఆ పరిశీలన పూర్తయ్యేదాకా వాళ్లను ఖాళీ చేయించకూడదని కూడా అదే చట్టంలో ఉంది. దరఖాస్తు ఇంకా తేలని మనిషిని ఆక్రమణదారుడు అనడమంటే విచారణ ముగియకముందే తీర్పు చెప్పడమే.

ఈ మాట విన్నాక అమ్మాయికి ధైర్యం వచ్చింది. ‘అమాయక గిరిజనులపై అక్రమ కేసులు’ అని తిరగరాసుకొచ్చింది. నేను దాన్నీ కొట్టేశాను. “మీరు కూడా మనవాళ్లే కదా సార్!” అంది చిన్నబుచ్చుకుని. మనవాళ్లమే. అయితే ఆ రోజు అక్కడేం జరిగిందో నేనూ చూడలేదు, తనూ చూడలేదు. మేనమామ మీద ప్రేమ సాక్ష్యం కాదు. అవతలివాళ్లు చేస్తే తప్పు అనుకున్న పనిని మనం చేస్తే ఒప్పు ఎలా అవుతుంది?

ఇద్దరం కూర్చుని ఆ వార్తను మళ్లీ చదివాం. పత్రికలో ఆఖరి వాక్యంలో ఎక్కడో మూలన సాగుదారుల మాట కూడా ఉంది. దాన్ని పైకి తెచ్చాం. “మొక్కలు నాటే పనిని పోడు సాగు చేస్తున్నవారు అడ్డుకున్నారని అటవీ అధికారులు తెలిపారు. ఆ భూముల హక్కుపత్రాల కోసం తాము దరఖాస్తు చేసుకున్నామని సాగుదారులు చెబుతున్నారు.” ఇదీ చివరికి తయారైన వార్త.

ఎవరు చెప్పారన్నది ఎందుకంత ముఖ్యం? ఇంద్రవెల్లిని గుర్తుచేసుకుందాం. 1981 ఏప్రిల్ 20న అక్కడ గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 13 మంది అన్నది ప్రభుత్వ లెక్క. అంతకు ఎన్నో రెట్లని హక్కుల సంఘాలు, మన పెద్దలు చెబుతూ వచ్చారు. ‘13 మంది మరణించారు’ అని మాత్రమే చదివితే ప్రభుత్వ లెక్కే చరిత్ర అయిపోతుంది. ‘ప్రభుత్వం తెలిపిన ప్రకారం’ అని చేరిస్తే, ఇంకో లెక్క కూడా ఉండవచ్చని వినేవాడికి తెలుస్తుంది.

కానీ ఆ మాటలకు సమయం పడుతుంది. ఇలా మార్చాక వార్తలన్నీ చదివితే ఐదు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది. ఏం తీసేయాలి? వాన వార్తలో ‘కుండపోతగా’, క్రికెట్ వార్తలో ‘అద్భుతంగా’, ‘ఘనంగా’ లాంటి మాటలు తీసేశాం. ఒక సినిమా వార్త పూర్తిగా వదిలేశాం. ‘అధికారులు తెలిపారు’, ‘సాగుదారులు చెబుతున్నారు’ అన్న మాటలను మాత్రం ముట్టుకోలేదు.

పోటీయే కదా, ఉచ్చారణ బాగుంటే చాలు, ఇంత తర్జనభర్జన ఎందుకని తోటి ఉపాధ్యాయులు కొందరు అన్నారు. ఇన్నాళ్లూ మన గురించి ఎవరో రాశారు, ఎవరో చదివారు. ఇప్పుడు పరిస్థితి కొంత మారుతోంది. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి వినిపిస్తోంది. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర ద్వారా ఆదివాసులు తమ ఊరి కబురును సొంత భాషలో ఫోన్‌లోనే చెప్పగలిగారు. మైకు మన చేతికి రావడం న్యాయమే. అయితే అబద్ధమాడే అవకాశం కూడా దాంతోపాటే మన చేతికి వస్తుంది. ఆ సంగతి పిల్లలకు బడిలోనే తెలియాలి.

నేను పిల్లలకు చెప్పే పరీక్ష ఒక్కటే. నువ్వు రాసిన వార్తను ఆ గూడెం మధ్యలో, అటవీ అధికారి పక్కనే నిలబడి, ఒక్క మాటా మార్చకుండా చదవగలవా? చదవగలిగితే అది వార్త. ఒకరి ముందు మాత్రమే చదవగలిగితే అది వకాల్తా. వకాల్తా తప్పని కాదు, దానికి వేరే వేదిక ఉంది. దానికి వార్త అని పేరు పెట్టడమే తప్పు.

పోటీలో ఆ అమ్మాయికి బహుమతి రాలేదు. సెలవులకు వెళ్లినప్పుడు అదే కాగితం మేనమామకు చదివి వినిపించిందట. ఆయన కాసేపు ఊరుకుని, “వాళ్లు చెప్పింది కూడా చదివావే” అన్నాడట.

“చదివాను మామా. నువ్వు చెప్పిందీ చదివాను” అందట.