ఏకగ్రీవం: ఊరి సమ్మతా, ఊరి మౌనమా?

గ్రీవం అంటే మెడ. పదిమందీ ఒకే గొంతుతో పలికినట్టు ఒప్పుకుంటే ఆ నిర్ణయం ఏకగ్రీవం. పంచాయతీ ఎన్నికల్లో ఈ మాటకు అర్థం ఇంకా ఇరుకు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేసరికి సర్పంచ్ పదవికి ఒక్కరే మిగిలితే, పోలింగ్ లేకుండానే ఆ ఒక్కరు గెలిచినట్టు ప్రకటిస్తారు. ఇలాంటి ఊళ్లకు ప్రభుత్వాలు ప్రోత్సాహక నిధులు కూడా ఇస్తాయి. గుజరాత్‌లో దీనికి ‘సమరస్’ అనే పథకమే ఉంది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రకటించింది. బరిలో ఎంతమంది మిగిలారో లెక్కపెట్టడం తేలిక. మిగతావాళ్లు ఎందుకు తప్పుకున్నారన్నది మాత్రం ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఎవరూ కాదనకపోతే అందరూ ఔనన్నట్టేనా?

ఏకగ్రీవాన్ని కోరేవాళ్ల వాదన తోసిపుచ్చదగ్గది కాదు. ఊరి ఎన్నికలో పోటీపడేది ముఖపరిచయం ఉన్నవాళ్లే. పక్కపక్క చేలవాళ్లు, పాలివాళ్లు, వియ్యంకులు ఎదురెదురుగా నిలబడతారు. పోలింగ్ ఒక పూటలో ముగుస్తుంది, ఆగిపోయిన పలకరింపులు మాత్రం ఏళ్లు గడిచినా మళ్లీ మొదలుకావు. ఊరిలో ఓడినవాడంటూ ఉండకూడదన్న ఆదర్శానికి పెద్ద పరంపరే ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానానికి నాంది పలికిన వినోబా భావే, ఆ తర్వాత గ్రామదాన గ్రామాల్లో గ్రామసభ సర్వసమ్మతితోనే నడవాలన్నారు. అయితే ఆ సమ్మతికి ఒక షరతుంది. గ్రామదానంలో ముందుగా వదులుకోవలసింది భూమి ఉన్నవాడు, తన యాజమాన్యాన్ని ఊరికి అప్పగించి మరీ సభలో కూర్చోవాలి. ఇప్పటి ఏకగ్రీవాల్లో చాలాసార్లు వదులుకోమనేది లేనివాణ్ణి. రెంటికీ పేరు సమ్మతే, బరువు మోసే భుజాలే వేరు.

ఈ తేడాను అంబేద్కర్ ముందే చూశారు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, పల్లెను సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవుగా వర్ణించి, రాజ్యాంగానికి మూలం గ్రామం కాదు, వ్యక్తి అన్నారు. ఆ తర్వాత పంచాయతీలు 40వ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లో చేరాయి. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చి ఐదేళ్లకోసారి ఎన్నికలనూ, దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు రిజర్వేషన్లనూ తప్పనిసరి చేసింది. అయినా ఆయన భయం వట్టిది కాలేదు. తమిళనాడులో మదురై జిల్లా పాప్పాపట్టి, కీరిపట్టి పంచాయతీల అధ్యక్ష పదవులు దళితులకు రిజర్వయ్యాయి. 1996 నుంచి పదేళ్లపాటు అక్కడ నామినేషన్లు పడలేదు, లేదంటే గెలిచినవాళ్లు వెంటనే రాజీనామా చేయవలసి వచ్చింది. పైకి చూస్తే ఊరు ప్రశాంతంగానే ఉంది. ఆ ప్రశాంతత భయం నుంచి పుట్టింది.

భయం లేనిచోట డబ్బు అదే పని చేస్తుంది. రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చుంటారు. సగంలో ఆగిన గుడి గోపురమో, కొత్త ధ్వజస్తంభమో మాటల్లోకి వస్తుంది. ఎవరు ఎక్కువ ఇస్తే వారికే సర్పంచ్ పదవి అని పాట మొదలవుతుంది. లక్ష, రెండు లక్షలు, ఐదు. పాట ముగిశాక మిగతావాళ్లు నామినేషన్లు వెనక్కి తీసుకుంటారు. చట్టం దృష్టిలో పోటీ నుంచి తప్పుకోమని ప్రతిఫలం ఇవ్వడం లంచమే. 2021 జనవరిలో మహారాష్ట్ర ఎన్నికల సంఘం, పదవులను వేలం వేశారన్న కారణంతో నాసిక్ జిల్లా ఉమ్రాణే, నందుర్బార్ జిల్లా ఖోండామళి పంచాయతీల ఎన్నికలను రద్దు చేసింది.

సొమ్ము దేవుడికే చేరుతోంది కదా, తప్పేముందని ఊళ్లో అడుగుతారు. దానికి జవాబు భగవద్గీత పదిహేడో అధ్యాయంలోనే ఉంది. ప్రతిఫలం ఆశించకుండా, తగిన చోట, తగిన వేళ ఇచ్చేది సాత్విక దానం. తిరిగి ఏదో రావాలని ఇచ్చేది రాజసం. పదవి కోసం కట్టిన గోపురం రెండో కోవలోకి వస్తుంది. పైగా అక్కడ అమ్ముడుపోయింది ఇచ్చినవాడి సొత్తు కాదు, ఊరివాళ్ల ఓటు. పరుల సొమ్ముతో చేసిన దానానికి పుణ్యం ఎక్కడిది?

మౌనం ఎప్పుడు అంగీకారమవుతుందో బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయం స్పష్టంగా చెప్పింది. మొదట భిక్షు సంఘం ముందు విషయాన్ని ప్రతిపాదించాలి. పెద్ద విషయమైతే మూడుసార్లు అడగాలి. ఒప్పుకునేవాళ్లు మౌనంగా ఉండాలి, కాదనేవాళ్లు మాట్లాడాలి. అభిప్రాయాలు చీలితే శలాకలనే పుల్లలు పంచేవారు. రహస్య పద్ధతిలో, పంచే భిక్షువు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, ఏ రంగు పుల్ల ఏ పక్షానిదో చెప్పి, తీసుకున్నది ఎవరికీ చూపవద్దనేవాడు. అతనికి పక్షపాతం, ద్వేషం, మోహం, భయం ఉండకూడదు. సంఘాలకు ఇలాంటి సభానియమాలు ఉండేవని అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభకు గుర్తుచేశారు. మూడుసార్లు అడిగాక నిలిచిన మౌనం సమ్మతి. అడగకుండానే పరుచుకున్న మౌనాన్ని సమ్మతి అనలేం.

ఈ కొలత పంచాయతీకీ సరిపోతుంది. అడిగే చోటు గ్రామసభ. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం దాన్ని రెండు నెలలకోసారి జరపమంటోంది. చాటింపు అన్ని వాడలకూ చేరిందా, కూలికి పోయేవాళ్లు రాగల వేళకే సభ పెట్టారా, ఆడవాళ్లు లేచి మాట్లాడారా, ఖర్చుల లెక్క చదివి వినిపించారా, కాదన్నవాడి మాట రిజిస్టర్‌లో ఎక్కిందా, మర్నాడు అతనికి పని దొరికిందా? వీటన్నిటికీ ఔనన్న జవాబు వచ్చే ఊళ్లో ఒక్కరే అభ్యర్థి మిగిలితే అది నిజమైన ఏకగ్రీవం, ఊరి గౌరవం. రానిచోట పోటీ జరగడమే ధర్మం. అక్కడ ఓటుపెట్టె ఊరిని చీల్చదు, నోరెత్తలేనివాడి మాటను దాచి చేరవేస్తుంది.