అమ్మాయి నాటకం చదువుతానంటోంది

అమెరికాలో స్థిరపడిన తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్ల ఇళ్లలో పన్నెండో క్లాసు పిల్లల కాలేజీ ముచ్చట్లు ఒక పద్ధతిగా సాగుతాయి. కంప్యూటర్ సైన్సా, ప్రీ-మెడ్డా, అదీ ఇదీ కాకపోతే ఫైనాన్సా అన్న చోటే వాదన గిరగిరా తిరుగుతుంటుంది. ఈమధ్య కొన్ని ఇళ్లలో ఆ వాదన మధ్యలోకి కొత్త మాటొకటి వచ్చి పడుతోంది: మ్యూజికల్ థియేటర్. అదీ ఉన్న ఊళ్లో కాదు, మూడు రాష్ట్రాల అవతల. తండ్రి "హాబీగా పెట్టుకోమ్మా, ఎవరొద్దన్నారు" అంటాడు. తల్లి అప్పటికేమీ అనదు, రాత్రికి తెనాలి ఫోన్ చేస్తుంది. అవతల అమ్మమ్మ ఆశ్చర్యపోతుంది: "దానికి ఈ నాటకాల పిచ్చి ఎక్కణ్నించి వచ్చిందే? మన ఇంటా వంటా లేదే!"

ఇంటా వంటా సంగతి ఎలా ఉన్నా, ఊళ్లో మాత్రం నిండుగా ఉంది. ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది 1929లో, తెనాలిలోనే. దానికి పూనుకున్నది సురభి నాటక సమాజాల మూలపురుషుడు వనారస గోవిందరావు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలుపెట్టిన కుటుంబం అది. పిల్లలు తెర వెనకే పుట్టి, తెర వెనకే నడక నేర్చి, ఊరూరూ తిరిగిన సంసారాలవి. ఇల్లు విడిచి నాటకం నేర్చుకోవడం అన్న ప్రశ్నే వాళ్లకు లేదు, ఇల్లే నాటకంతో పాటు బండెక్కేది. తెనాలిలో శ్రీరామ విలాస సభ ఉండేది. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు అందులో వేషాలు కట్టినవాళ్లే. గోవిందరాజుల తెనాలిలో వైద్యం చేసుకుంటూనే నాటకాలాడారు. 1955 నాటి కన్యాశుల్కం సినిమాలో లుబ్ధావధాన్లుగా నేటి తరానికీ తెలుసు. డాక్టరు కావాలా, నటి కావాలా అని పిల్లను నిలదీసే తెనాలి తండ్రులు ఈ డాక్టరుగారిని ఒక్కసారి తలుచుకుంటే మంచిది.

అయితే ఈ ప్రాంతానికి అసలు ఉదాహరణ బాపట్ల మనిషి. స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో ఆ ఊళ్లో హరిశ్చంద్ర నాటకం ఆడాల్సిన రోజున చంద్రమతి వేషధారి రాలేదు. ఆ లోటు పూడ్చడానికి ఈ కుర్రవాణ్ని నిలబెట్టారు. అక్కణ్నించి తెనాలి చేరి రామ విలాస సభలో చేరారు. ఇవాళ లెక్కేస్తే రైల్లో గంట దూరం. ఆ రోజుల్లో సంసారం మోయాల్సిన కుర్రవాడు ఉన్న ఊరు వదిలి ఆడవేషాన్నే బతుకుతెరువుగా ఎంచుకోవడం చిన్న సంగతి కాదు. చిత్రాంగి, దేవదేవి, రోషనార, మధురవాణి, అన్నిటికీ మించి శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ. ఆ నాటకం రాసింది ముత్తరాజు సుబ్బారావు. అందులో సత్యభామ పాడే ప్రసిద్ధమైన పాటను మాత్రం స్థానం స్వయంగా రాసుకుని పాడారు. అంటే పాట, మాట, నడక, చీరకట్టు, చివరికి సాహిత్యం కూడా ఒక్క మనిషివే. 1966లో శ్రీకృష్ణ తులాభారం సినిమాగా వచ్చినప్పుడు ఆ పాటను తీసేసే ధైర్యం ఎవరూ చేయలేదు. తెర మీద దానికి అభినయించిన జమున పెరిగింది తెనాలి పక్కనున్న దుగ్గిరాలలో. స్థానం ప్రయాణం తెనాలితో ఆగలేదు. సముద్రం దాటి రంగూన్‌లో ఆడొచ్చారు, అక్కడి తెలుగువాళ్లు బంగారు కిరీటం పెట్టి పంపారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. తన స్త్రీ పాత్రల అనుభవాన్ని 'నటస్థానం' పేరుతో పుస్తకంగా రాసిపెట్టారు కూడా. ఇంతటి మనిషికి కాలేజీ లేదు, సిలబస్ లేదు. సమాజమే కాలేజీ.

ఇంతకీ మ్యూజికల్ థియేటర్ అనేసరికి అదేదో పరాయి సరుకు అనుకోవడం దేనికి? బలిజేపల్లి లక్ష్మీకాంతం సొంత ఊరు బాపట్ల తాలూకా ఇటికంపాడు. ఆయన రాసిన హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను చూడ్డానికి బళ్లు కట్టుకుని వెళ్లిన తాతలు ఈ పిల్లలకు ఉన్నారు. హార్మోనియం శ్రుతి అందుకోగానే పద్యం ఎత్తుకోవడం, రాగం సాగదీయడం, జనం వన్స్ మోర్ అంటే చచ్చిపడి ఉన్న పాత్ర కూడా లేచి మళ్లీ పాడటం! కథను పాటతో నడపడం అక్కడా అదే, ఇక్కడా అదే. పెనుమూడి వారధి మీదుగా కృష్ణ దాటి దివిసీమ మీదుగా పోతే కూచిపూడి. అక్కడి భామాకలాపంలో ఒకే మనిషి ఆడాలి, పాడాలి, సంభాషణ చెప్పాలి. అమెరికా కాలేజీలు ఈ మూడూ ఒకే విద్యార్థిలో వెతుకుతాయి.

వెతికే తీరు మాత్రం కఠినం. మార్కులు, ఎస్ఏటీ, వ్యాసాలు సరేసరి. పేరున్న చోట్ల ముందుగా వీడియో పంపాలి, అది నచ్చితేనే ఎదురుగా ఆడిషన్. పన్నెండో క్లాసు మొదలైన కొన్ని వారాలకే తెలుగింటి హాల్లో సోఫా గోడవారకు పోతుంది. పుస్తకాల దొంతి మీద ఫోను నిలబడుతుంది. పిల్ల పియానో ట్రాకు పెట్టుకుని పాడుతుంది. సరిగ్గా పై స్వరం దగ్గర వంటింట్లో కుక్కర్ కూత పెట్టిందంటే మళ్లీ మొదటికే. పాడమనేది ముప్ఫై రెండు బార్లు, ఒక్కోసారి పదహారే. పదహారు బార్లంటే అర నిమిషం పైచిలుకు. ఆ కాసేపట్లో పాత్ర ఎవరో, ఏం కోరుతోందో తెలియాలి. ఆపైన ఒక నిమిషం ఏకపాత్ర, అప్పటికప్పుడు నేర్పిన నృత్యం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో న్యూయార్క్, షికాగో వంటి నగరాల్లో చాలా కాలేజీలు ఒకేచోట ఆడిషన్లు పెడతాయి. మంచు తుపానులో విమానం రద్దయితే ఏడవడం తప్ప దారి ఉండదు. వందలమందిలో ఒక్కో కాలేజీ తీసుకునేది ఇరవై, పాతికమందిని.

మన పిల్లలకు ఇక్కడ ఒక లాభం, ఒక చిక్కు ఉన్నాయి. ఏడెనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చిన గొంతు శ్రుతి తప్పదు. కానీ ఆ గొంతు ప్రతి స్వరాన్నీ గమకంతో ఊపుతుంది. ఇక్కడి కాలేజీలేమో స్వరాన్ని తిన్నగా నిలబెట్టమంటాయి. పైగా మన దగ్గర పదిమంది కలిసి పాడినా ఒకటే వరుస. ఇక్కడి బృందగానంలో పక్కవాడు వేరే స్వరం పట్టుకుంటే, తాను తన స్వరం వదలకుండా నిలబడాలి. ఇది రెండు మూడు నెలల్లో వచ్చే విద్య కాదు. స్కూల్లో కొయిర్‌కు పంపకుండా శనివారం సంగీతం క్లాసు ఒక్కటే నమ్ముకున్న ఇళ్లలో పిల్లలు ఈ ఒక్క చోటే బోల్తా పడుతున్నారు.

ఏ కాలేజీ? అమెరికాలో నాటకానికి డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టింది పిట్స్‌బర్గ్‌లో ఇప్పటి కార్నెగీ మెలన్, 1914లో. మ్యూజికల్ థియేటర్‌కు విడిగా బీఎఫ్ఏ పెట్టింది 1968లో సిన్సినాటి కన్సర్వేటరీ. ఆ తర్వాత మిషిగన్, న్యూయార్క్ యూనివర్సిటీ, ఇంకా ఎన్నో వచ్చాయి. ఈ పేర్లు ర్యాంకుల పట్టికలో చూసి ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టినట్టు పెట్టేస్తే కుదరదు. అడగాల్సిన ప్రశ్నలు వేరు. మొదటి ఏడాది తర్వాత పిల్లల్ని ఏరేసే పద్ధతి ఉందా? మొదటి సంవత్సరం విద్యార్థికి వేదిక దొరుకుతుందా, లేక సీనియర్లకేనా? గొంతు దెబ్బతింటే చూపించే వైద్యులున్నారా? ఇంకో డిగ్రీ కలిపి చదవనిస్తారా? చివరి ఏడాదిలో న్యూయార్క్‌లో ఏజెంట్ల ముందు ప్రదర్శన పెడతారా? దాని ఖర్చు ఎవరిది?

ఖర్చు మాట వచ్చింది కాబట్టి దాపరికం వద్దు. పెద్ద ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు, బస, భోజనం కలిపి ఏటా 80, 90 వేల డాలర్లు దాటుతోంది. మిషిగన్ వంటి ప్రభుత్వ యూనివర్సిటీలో కూడా బయటి రాష్ట్రం పిల్లకు ఫీజు, ఆ రాష్ట్రం పిల్ల కట్టేదానికి మూడు రెట్ల పైనే. నాలుగేళ్లకు మూడు లక్షల డాలర్లు అప్పుచేసి డాక్టరైనవాడు తీర్చుకోగలడు. వేషం దొరికిన వారానికే జీతం వచ్చే వృత్తిలో ఆ అప్పు పిల్ల మెడకు గుదిబండ అవుతుంది. రంగస్థల నటుల సంఘం యాక్టర్స్ ఈక్విటీ కనీస వేతనాలు ఖరారు చేస్తుంది, నిజమే. ఆరోగ్య బీమా మాత్రం ఎన్ని వారాలు పనిచేశారన్న లెక్క మీద వస్తుంది.

కాబట్టి తల్లిదండ్రులు భయపడాల్సింది అప్పుకు, నాటకానికి కాదు. స్కాలర్‌షిప్ లేకుండా దూరపు బీఎఫ్ఏ కంటే, సొంత రాష్ట్రపు యూనివర్సిటీలో థియేటర్ బీఏ, పక్కన ఇంకో చదువు మేలు. దుగ్గిరాల దగ్గర మోరంపూడిలో పుట్టిన జగ్గయ్య చేసింది దాదాపు అదే. గుంటూరు ఏసీ కాలేజీలో చదువుతూ నాటకాలాడారు, దుగ్గిరాలలో పంతులుగా పనిచేశారు, ఢిల్లీ వెళ్లి ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు, ఆ పైనే సినిమాలు. 1967లో ఒంగోలు నుంచి పార్లమెంటుకూ వెళ్లారు. ఆ కంఠానికి ఏ ఒక్క చదువూ వృథా కాలేదు.

ఇక 'విలువలు' అనే పెద్ద మాట. అమెరికా తెలుగు సంఘాల సంచికల్లో ఇది లేని పేజీ ఉండదు. దూరం పంపితే పిల్ల చెడిపోతుందని, వేదిక మీద ఏ సన్నివేశంలో ఎలా నటించాల్సి వస్తుందోనని, రేపు సంబంధాలు ఎలా వస్తాయని గుసగుసలు. చీరకట్టిన మగవాడికి చప్పట్లు కొట్టి, ఆడపిల్లను మాత్రం వేదిక ఎక్కనివ్వని కాలం నుంచి వచ్చిన భయాలివి. సురభి కుటుంబాలు ఆ భయాన్ని ఎప్పుడో దాటాయి. వాళ్ల ఆడవాళ్లే ఆడవేషాలు వేశారు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి సురభి కమలాబాయి. నేటి కాలేజీల్లో సన్నిహిత సన్నివేశాలను ముందే మాట్లాడి, నటుల ఒప్పుదలతో కదలికలు కూర్చే ఇంటిమసీ డైరెక్టర్లు పనిచేస్తున్నారు. ఇంజనీరింగ్ హాస్టల్లో అటువంటి కాపలా ఎవరూ పెట్టలేదు! బ్రాడ్వేలో వారానికి ఎనిమిది ప్రదర్శనలు. రాత్రి పార్టీలో అరిచి వచ్చిన గొంతు మర్నాడు మాటినీకి పనికిరాదు. వేళకు రాకపోతే వేషం ఇంకొకరికి పోతుంది. క్రమశిక్షణ అని మనం పిల్లలకు రోజూ చెప్పేదాన్ని ఈ విద్య చెప్పకుండానే చేయిస్తుంది.

కాలిఫోర్నియాలో తెలుగు ఇంట్లో పుట్టిన అవంతిక వందనపు తెలుగు సినిమాల్లో బాలనటిగా చేసి, 2024లో హాలీవుడ్ మ్యూజికల్ మీన్ గర్ల్స్‌లో ముఖ్యపాత్ర వేసింది. కరెన్ శెట్టి అని ఆ పాత్రకు భారతీయ ఇంటిపేరే పెట్టారు. ఆ ఒక్క పేరు చూపించి ప్రతి పిల్లా అలా అవుతుందనడం మోసం. అలా కాకూడదని రాసిపెట్టి ఉన్నట్టు మాట్లాడటమూ మోసమే.

రేపల్లెలోనే ఉండి ఈ దారి చూసే పిల్లలకు చోట్లు వేరు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. తెనాలి దగ్గర అనంతవరంలో పుట్టిన అబ్బూరి రామకృష్ణారావు అక్కడ లైబ్రేరియన్‌గా ఉంటూ నాటకాన్ని నెత్తికెత్తుకున్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖ ఉంది. ఢిల్లీలో 1959 నుంచి నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా. అక్కడ చేరాలంటే డిగ్రీతో పాటు కొన్ని నాటకాల్లో పనిచేసిన అనుభవం చూపాలి. సీటొస్తే మూడేళ్లూ నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు. చదువుకు డబ్బు కట్టడం కాదు, తీసుకోవడం! ఆ స్కూలుకు ఒకప్పుడు డైరెక్టరుగా ఉన్న బి.వి. కారంత్ 1990ల్లో సురభి వాళ్లతో కలిసి నాటకాలు చేయించారు.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. సినిమా తారల విమాన టిక్కెట్లకు, హోటళ్లకు ఏటా ఎంత పోస్తున్నారో మీ పద్దుల్లోనే ఉంది. అందులో ఒక తారకయ్యే ఖర్చు తీసి ముగ్గురు నలుగురు పిల్లలకు ఫిబ్రవరి ఆడిషన్ల ప్రయాణానికి ఇవ్వండి. పియానో వాయించేవారికి గంటల లెక్కన కట్టండి. వార్షిక సభల్లో నాటకాన్ని రాత్రి భోజనాలయ్యాక, జనం కారు తాళాలు వెతుక్కునే వేళకు తోసేయకండి. సాయంత్రం ఆరింటికి, మంచి మైకులతో పెట్టండి. ఆడిషన్లకు వెళ్లే పిల్లలకు మొదటి ప్రేక్షకులు మీరే కావచ్చు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ పద్దు ఎజెండాలో చేర్చండి.