పులి చెప్పిన ధర్మము

నోట ఒక మాట పలికి, దాని వెనుక వేరొక అర్థము నుంచుటను వ్యంగ్యమందురు. పసిబిడ్డలకు అట్టి కథలు చెప్పవచ్చునా, అది అబద్ధము నేర్పుట కాదా అని కొందరు తల్లిదండ్రులు మమ్మును అడుగుచుందురు.

పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లో అచ్చయినది. అందులోని ముసలిపులి కథ మీరెరిగినదే. పులి స్నానము చేసి, దర్భలు చేతబట్టి, కొలనిగట్టున కూర్చుండి, బంగారు కడియము దానమిచ్చెదనని బాటసారిని పిలుచును. దానమును గూర్చియు దయను గూర్చియు అది పలుకు మాటలలో తప్పుపట్టదగినది లేదు; ప్రసంగపీఠముమీద పలికినను చెల్లును! బాటసారికి మొదట సందేహమే, గాని కడియము ఆ సందేహమును మ్రింగివేసెను. అతడు స్నానమునకు దిగి బురదలో కూరుకొనిపోగా, లేవదీసెదనని పులి మెల్లగా దగ్గరకు వచ్చును.

పులి కపటియని కథ చెప్పువాడు వేరుగా చెప్పనక్కరలేదు. పులికి గోళ్లున్నవని ఆరేండ్ల బిడ్డ యెరుగును. అవ్వ ఒడిలోనుండియే “పోవద్దు, పోవద్దు” అని కేకవేయును. కథలోనివానికి తెలియనిది వినువానికి తెలియుటయే ఇచ్చటి వ్యంగ్యము. అబద్ధము వినువానిని చీకటిలో నుంచును. ఈ కథ బిడ్డను వెలుగులో నిలుపుచున్నది. నడుమ ఆపి, దురాశ దుఃఖమునకు చేటని అర్థము చెప్పు పెద్దలు (బడిపుస్తకములలో ఈ అలవాటు మెండు) అరటిపండు నమలి బిడ్డ నోట పెట్టినట్లు చేయుదురు.

అయితే విన్నంతమాత్రమున కాపుదల కలుగునని తలంచవద్దు. ఈ కథ చెప్పినది చిత్రగ్రీవుడను పావురముల రాజు, నేలనున్న నూకలకు ఆశపడవద్దని తనవారిని హెచ్చరించుటకు. విన్న పావురములు దిగెను. చెప్పినవాడును వాటితో దిగి వలలో చిక్కెను. నాతాను చెప్పిన బీదవాని గొఱ్ఱెపిల్ల కథ విని దావీదు రాజు మండిపడెను. కథలోని ధనవంతుని దోషము అతనికి స్పష్టముగా కనబడెను, ఆ ధనవంతుడు తానేయన్న సంగతి తప్ప.

మన యిండ్లలో వాడుకగానున్న ఎత్తిపొడుపు వేరు. కుండ పగులగొట్టిన బిడ్డను చూచి “ఆహా, ఎంత నేర్పరివిరా!” అందుము. నాలుగేండ్లవాడు దానిని మెప్పనుకొని నవ్వును. వాడు నవ్వుట చూచి పెద్దలు మరింత నవ్వుదురు. ఇచ్చట సంగతి తెలియనివాడు బిడ్డయే. పులి యెదుట బాటసారి నిలిచిన చోటనే వానిని నిలిపితిమి.