గిరినాగు – అభయదానము

చంపగల శక్తి కలిగిన ప్రాణిని, అది చంపకమునుపే చంపుట ధర్మమగునా? ఈ ప్రశ్న గ్రంథము ముందు కూర్చున్నవానికి సులభముగా తీరును. కొండవాలున కట్టెలు ఏరుకొనువానికి అంత సులభముగా తీరదు.

కాశీపూర్ తూర్పు కనుమలలోని ఎత్తైన సీమ. పూర్వము కోరాపుట్ జిల్లాలో ఉండి, 1992లో ఏర్పడిన రాయగడ జిల్లాలో చేరినది. దాని పొరుగు కొండలలో పుట్టిన నాగావళి రాయగడ మీదుగా ఆంధ్రదేశమునకు దిగి, శ్రీకాకుళ సీమను తడిపి సముద్రమును చేరును. నది పేరులోనే నాగమున్నది. ఈ కనుమల అడవులలో అరుదుగా కానవచ్చు మహాసర్పమును ఉత్తరాంధ్ర మన్యమువారు గిరినాగు అందురు. రాచనాగు అనునదియు ఇదియే.

ప్రపంచమందలి విషసర్పములన్నిటిలో ఇది పొడవైనది. 18 అడుగుల వరకు పెరిగినవి కలవు. పడగ విప్పినను ఇది త్రాచు జాతిలోనిది కాదు. దేహములో మూడవవంతు నిటారుగా లేపి, గుర్రుమన్నట్లు ధ్వని చేయును. దీని ఆహారము ముఖ్యముగా ఇతర సర్పములే. వేసవిలో ఆడుపాము రాలిన ఆకులను తన చుట్టలతో ప్రోగుచేసి గూడు కట్టును. సర్పజాతిలో ఇట్లు ఆకులు కూర్చి గూడు కట్టునది ఇదొక్కటే. అందులో 20 నుండి 40 వరకు గ్రుడ్లు పెట్టి, రెండు మూడు మాసములు కావలియుండి, పిల్లలు వెలువడుటకు ముందుగా తల్లి తొలగిపోవును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని కాపాడుచున్నది. 2022 సవరణతో ఇది ప్రథమ షెడ్యూలులో చేరినది.

దీనిని కాపాడవలెనని చెప్పువారు తరచుగా లాభము చూపుదురు. త్రాచులను, కట్లపాములను తినును గనుక మనుష్యులకు మేలని వారి వాదము. కాని జమాఖర్చు సరిగా వ్రాయు వర్తకుడు రెండవ పద్దును కూడ చూడవలెను. గిరినాగు జెర్రిపోతులను కూడ తినును. జెర్రిపోతు ఎలుకలను పట్టి ధాన్యపుకొట్టును కాపాడునది. ఆ లెక్కన నష్టమే తేలవచ్చును. నష్టము తేలిననాడు ప్రాణము తీయవచ్చునా? లాభముపై నిలిచినది బేరమే గాని దయ కాదు.

జైనశాస్త్రము హింసను సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి అని నాలుగు విధములుగా విభజించినది. ఆత్మరక్షణకై జరుగునది విరోధి. గృహస్థుడు దానిని పూర్తిగా తప్పించుకొనలేడు. బుద్ధిపూర్వకముగా చేయునది సంకల్పి. దానిని అతడు విడువవలసినదే. మీదికి వచ్చిన పామును త్రోసివేయుట వేరు, తన దారిన పోవు పామును కర్ర పట్టి వెదకి చంపుట వేరు. రెండవదానికి ఆత్మరక్షణ అను పేరు చెల్లదు. అది చేసిన తప్పునకు గాక, చేయగల శక్తికి విధించిన శిక్ష.

ఇంతవరకు వాదము సుగమమే. చిక్కు ఇక్కడనే ఉన్నది. గద్దెమీద కూర్చున్నవానికి అహింస చవక. రాయగడ అంగడిలోని చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు వాటంతట అవి కొండ దిగిరాలేదు. పాములు తిరుగు త్రోవలలో నడచిన కొండవారు తెచ్చినవి. పామును విడిచిపెట్టుమని చెప్పువాడొకడు, విడిచిన పాము ప్రక్కన నివసించువాడు మరియొకడు.

గిరినాగు తానై మనిషిని వెదకి కరవదు; దాని కాటు అరుదు. కాని కరచినచో విషము నరములను పట్టి శ్వాసను స్తంభింపజేయును. భారతదేశమున సామాన్యముగా దొరకు విరుగుడు మందు త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమునకై చేయబడినది. గిరినాగు విషమునకు కాదు. థాయిలాండులో రెడ్‌క్రాస్ సంస్థ దానికి వేరుగా మందు చేయుచున్నది. ఇక్కడ రోగికి ఆధారము, వేళకు చేరగలిగిన ఆసుపత్రి, అందులోని శ్వాసయంత్రము.

చండకౌశికుని కథ జైనగృహములలో పిల్లలకు సైతము తెలిసినదే. ఆ విషసర్పమున్న దారిన పోవలదని పశువుల కాపరులు వారించినను మహావీరుడు ఆ దారినే నడచెను. దూరమున నిలిచి, పామును చంపకుడని ఊరివారికి చెప్పి ఆయన వెడలిపోలేదు. కాటును తన పాదముననే స్వీకరించెను. శాంతించిన ఆ సర్పము తరువాత చీమలు కుట్టినను కదలక సహించెనని కథ. అందలి దయ ఎవరికిని చవకగా దొరకలేదు.

గృహస్థుడు అంత చేయలేడు, చేయగలిగినది లేకపోలేదు. సంతకు వచ్చు కొండవారికి ఒక టార్చిలైటు, పాదములు కప్పు బూట్లు, అర్ధరాత్రి ఆసుపత్రికి పోవుటకు ఒక బండి, పాము కనబడినప్పుడు కర్రకు బదులు అటవీశాఖవారికి కబురు – వీటి ఖర్చు అంగడి భరించగలదు. అభయదానము, ఔషధదానము చతుర్విధ దానములలో ప్రక్కప్రక్కన ఉన్నవి. పామునకు మొదటిది ఇచ్చి, మనిషికి రెండవది మరచినచో, ఆ దానమునకు వెల చెల్లించినవాడు దాత కాడు, కొండవాడు.