నీరడి మేర

తెలంగాణలో చెరువులు ఒంటరిగా ఉండవు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువులో పడుతుంది, అది నిండితే మరో ఊరికి పోతుంది. కాకతీయుల నాటి ఈ గొలుసుకట్టులో రామప్ప చెరువు లాంటి వాటికి చరిత్రలో పేరుంది. దాపునే 1213 నాటి గుడి ఉంది కాబట్టి చూడటానికి జనమూ వస్తారు. ఎవరూ చూడటానికి రాని చిన్న చెరువులు వేలల్లో ఉన్నాయి. ఈ కథ అలాంటి ఒక చెరువుది.

దాని కింద మూడు వందల ఎకరాల ఆయకట్టు ఉండేది. ఆయకట్టుకు ఒక నీరడి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, నీళ్లు వంతుల ప్రకారం పారించడం అతని పని. తాత చేశాడు, తండ్రి చేశాడు, అతనూ చేశాడు. తెల్లారకముందే పార భుజాన వేసుకుని కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. తర్వాత నీళ్లలో మునిగి, తూము రంధ్రానికి బిగించిన కొయ్య బిరడాను ఆ రోజుకు ఎంత కావాలో అంత సడలించేవాడు. పంట ఇళ్లకు చేరే ముందు కళ్లంలోనే రైతులు అతనికి ఎకరానికి రెండు కుంచాల వడ్లు కొలిచేవారు. దాన్ని మేర అనేవారు.

ఎకరం మడిలో ఒక్క అంగుళం నీరు నిలవాలంటే లక్ష లీటర్లకు పైనే కావాలి. ఆ లెక్క నీరడికి ఎవరూ చెప్పలేదు. మడిలో కాలు పెడితే నీరు ఎంతవరకు తగిలిందో అదే అతని కొలబద్ద. నాటేసిన మడికి పలచగా, పొట్టకొచ్చిన వరికి ఎడతెగకుండా, కోతల ముందు బొత్తిగా లేకుండా నీరు పెట్టేవాడు. ఇది పైరు లెక్క. మనుషుల లెక్క వేరే ఉండేది. ఎవరి ఎద్దు కుంటిదై దుక్కి వెనకబడిందో, ఎవరింట్లో చావు జరిగి నాటు ఆగిపోయిందో అతనికి తెలుసు. కాలువ చిట్టచివర ఇరవై గుంటల చెలక లాంటి పొలం ఉన్న ఒక ముసలామె ఉండేది. నాట్లకు కూలీలు దొరికిన రోజునే ఆమె మడికి నీరు అందాలి, మర్నాడు అందితే లాభం లేదు. ఆ రోజు పై మడులకు కాస్త ముందే మడవ కట్టేవాడు. పైవాళ్లు సణిగేవాళ్లు. నీరడి కట్టిన మడవ కాబట్టి ఎవరూ తెంపేవాళ్లు కాదు.

ఆ ఊరివాడే ఒక ఆసామి పట్నంలో వ్యాపారం చేసి, బాగా సంపాదించి తిరిగి వచ్చాడు. మంచివాడు. కథల్లో డబ్బున్నవాడు చెడ్డవాడై ఉండటం రివాజు గానీ, ఇతను నిజంగానే మంచివాడు. చలికాలం తెల్లవారుజామున నీరడి వణుకుతూ నీళ్లలోంచి పైకి రావడం చూసి అతనికి మనసు కరిగింది. ఒక మనిషి రెండు కుంచాల వడ్ల కోసం ఇంత అవస్థ పడాలా అనుకున్నాడు. తన ఖర్చుతో తూముకు ఇనుప తలుపు పెట్టించాడు. పైన చక్రం, తిప్పితే తలుపు లేస్తుంది. చిన్నపిల్లవాడైనా తిప్పగలడు. నీరడికి ఏటా వచ్చే మేరంతా లెక్కగట్టి, అన్ని వడ్లూ తన గాదె నుంచే ఇస్తానని, ఇక ఇంటిపట్టున హాయిగా ఉండమని చెప్పి పంపాడు.

నీరడి సంతోషించాడు. మొదటి నెల పొద్దెక్కేదాకా పడుకున్నాడు. రెండో నెల పొరుగూళ్లలో చుట్టాలను చూసొచ్చాడు. మూడో నెల నుంచి ఇంటి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇదివరకు అతను వీధిలో కనిపిస్తే పది మంది ఆపి, నీళ్లు తమ వైపు ఎప్పుడొస్తాయని అడిగేవారు. ఇప్పుడు అడగడానికి ఏముంది. పలకరించి పోయేవారు, కొన్నాళ్లకు పలకరింపూ తగ్గింది. ఏ కార్తె నడుస్తోందో వేళ్ల మీద చెప్పే మనిషి, ఒకనాడు మఖ వచ్చిందో పోయిందో చెప్పలేక తడబడ్డాడు. గాదెలో వడ్లకు మాత్రం లోటు లేదు.

ఊళ్లో చక్రం తిరిగింది. ఎవరికి అవసరమైతే వాళ్లు తిప్పారు. పగలు ఒకరు తెరిస్తే రాత్రి ఇంకొకరు మరికాస్త తెరిచారు. పై మడుల్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి, చివరి మడులు నెర్రెలు విచ్చాయి. ముసలామె రెండుసార్లు నారు పోసింది, రెండుసార్లూ ముదిరిపోయింది. అన్నదమ్ములు మడవ దగ్గర కర్రలు తీసుకున్నారు. ఆసామి పంచాయితీలు చేసి చేసి అలిసిపోయి చక్రానికి తాళం వేయించాడు. తాళం చెవి ఎవరి దగ్గరుండాలన్నది కొత్త తగాదా అయింది.

ఆ మాఘమాసంలో ఒక సాయంత్రం నీరడి ఊసుపోక కట్ట వైపు వెళ్లాడు. కట్ట వెలుపలి వాలులో గడ్డంతా ఎండి గోధుమరంగుకు తిరిగింది. ఒక్కచోట మాత్రం జానెడు తుంగ పచ్చగా నిగనిగలాడుతోంది. దాని మొదట్లో మన్ను తడిగా ఉంది. వర్షం లేని నెలలో కట్ట బయట తడి ఉందంటే లోపలి నుంచి ఊట వస్తోందని, ఎండ్రకాయో ఎలుకో దారి తొలిచిందని అతనికి తెలియనిది కాదు. తండ్రి చిన్నప్పుడే వేలు పట్టుకుని చూపించాడు. వెనకటి రోజుల్లో అయితే అక్కడే పార దించేవాడు, తవ్వి, బంకమట్టి కుక్కి, దిమ్మిస వేసేవాడు. ఆ సాయంత్రం చేతిలో పార లేదు. కట్ట సంగతి ఇప్పుడు ఎవరి పనో అతనికి తెలియలేదు, తన పని కాదని మాత్రం తెలుసు. కాసేపు నిలబడి చూశాడు. ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకున్నాడు.

ఆ తర్వాత వానాకాలం మంచి వర్షాలు పడ్డాయి. చెరువు నిండి మత్తడి దుంకింది. వరి పొట్ట మీదుండగా, హస్త కార్తెలో ఒక రాత్రి సరిగ్గా ఆ తుంగ మొలిచిన చోటే బుంగ పడింది. తెల్లారేసరికి బుంగ గండి అయింది. తూము కింద మడులన్నీ ఇసుక మేటలయ్యాయి. ఇనుప తలుపు చెక్కుచెదరకుండా, తాళం వేసినట్టే ఉంది.

గండి దగ్గర ఊరంతా గుమిగూడింది. నీరడి ముందుకు వచ్చి, తుంగను తాను మాఘంలోనే చూశానని, చూసి పోయానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. పని తీసేసింది ఊరే కదా. ఆసామి తలదించుకుని, అందరికంటే ముందు తట్ట ఎత్తాడు. కర్రలు తీసుకున్న అన్నదమ్ములు ఒకే దిమ్మిస పట్టుకున్నారు. చెరువు పూడిక తవ్వి ఆ మట్టితోనే గండి పూడ్చారు. ఎక్కడ ఎంత మట్టి పోయాలో, ఎప్పుడు తడపాలో, ఎప్పుడు దంచాలో నీరడి చెప్పాడు, వాళ్లు చేశారు. కట్ట లేచేనాటికి అతనికి మళ్లీ కార్తెలన్నీ గుర్తొచ్చాయి. ఇనుప తలుపును తీసేయలేదు. చలి నీళ్లలో మునగాల్సిన అవసరం తప్పడం మంచిదే. చక్రం తాళం చెవి మాత్రం నీరడి మొలతాడుకు చేరింది. వేకువన కట్ట మీద అతని వెనకే మనవడూ నడవసాగాడు.

పని అంటే గింజల కోసం పడే అవస్థ అనుకున్నాడు ఆసామి, అందుకే గింజలిచ్చి అవస్థ తీసేస్తే మేలు చేశాననుకున్నాడు. తీయవలసింది చలినీళ్లలో మునకను, తీసేసింది వేకువ నడకను. ఆ నడకే మనిషికి చూపునూ ఊళ్లో ఒక మాటనూ ఇచ్చింది, చివరి మడికి నీళ్లిచ్చింది. అది పోయాక పచ్చటి తుంగ ఎదుటే ఉన్నా, చూసిన కళ్లకు దానితో సంబంధం లేకపోయింది.

మరుసటి ఏడు కళ్లంలో ముసలామె ఇరవై గుంటలకు ఒక కుంచం మేర కొలిచింది. నీరడి గోనెలో ఆ ఏడు పడ్డ మొదటి వడ్లు అవే.