కాలజ్ఞానం, కార్యకారణం

2020లో కరోనా వ్యాపించగానే పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరిట ఒక పద్యం తెలుగునాట ఫోను ఫోనుకూ చేరింది. ఈశాన్యాన విషగాలి పుడుతుందనీ, కోటిమందికి జబ్బు సోకుతుందనీ దాని సారాంశం. స్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడని జనశ్రుతి. అహోబిలం, మహానంది తలుపులే భక్తులకు మూసుకున్న ఆ రోజుల్లో ఆళ్లగడ్డ, నంద్యాల వాళ్లకు తమ నేల మీద పుట్టిన మాట ధైర్యాన్నివ్వడంలో వింత లేదు.

అయితే అది రోగమూలానికి ప్రమాణమవుతుందా? న్యాయదర్శనం శబ్దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంటుంది. చెప్పినవాడు ఆప్తుడై, అంటే నమ్మదగినవాడై, ఉండాలంటుంది. ఆ మాట అతనిదేనని కూడా తేలాలి కదా! స్వామి ఆప్తత్వంపై భక్తులకు సందేహం లేదు. చిక్కంతా రెండో షరతుతోనే. కాలజ్ఞాన పత్రాలను బనగానపల్లెలో చింతచెట్టు కింద పాతిపెట్టారని సంప్రదాయం. అక్కడే చింతమాను మఠం ఉంది. ప్రచారంలో ఉన్న పాఠాలు నోటి నుంచి నోటికి, ప్రతి నుంచి ప్రతికి మారుతూ అచ్చుకెక్కినవి. ఏ పాత ప్రతిలో ఉందో చూడకుండా ఒక పద్యాన్ని స్వామి వాక్కనడం ఆయనకే అన్యాయం.

ఇంతకన్నా పెద్ద అన్యాయం మరొకటి జరిగింది. ఆ ఏడాది ఏప్రిల్ చివరికి ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ కేసులు ఈ ఊళ్లన్నీ ఉన్న ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే నమోదయ్యాయి. ఢిల్లీలో జరిగిన ముస్లిం మతసభకు వెళ్లివచ్చినవారిలో వ్యాధి బయటపడటంతో దేశమంతటా నింద ముస్లింలందరి మీదా పడింది. వ్యాధి నడిచిన దారిని గుర్తించడం వేరు, ఆ దారిలో ఉన్నవారిని దోషులనడం వేరు. బ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకుల ముస్లిం కుటుంబంలో పుట్టినవాడన్న సంగతి ఆయన పద్యాలు పంచినవారికి గుర్తు రావలసింది.

పద్యం అసలైనదే అనుకున్నా, అది చెప్పేది రోగం వస్తుందని మాత్రమే. ఎలా వచ్చిందో చెప్పదు. కుండకు మట్టి ఉపాదాన కారణం, కుమ్మరి నిమిత్త కారణం. వైరస్ విషయంలోనూ ఈ రెంటినీ విడదీయాలి. మొదటిదానికి, అంటే వైరస్ దేని నుంచి పుట్టిందన్నదానికి, ఆధారాలు బలంగా ఉన్నాయి: లావోస్ గబ్బిలాల్లో దొరికిన ఒక వైరస్ జన్యుక్రమం కరోనా వైరస్‌తో దాదాపు 96.8 శాతం కలిసింది. మనిషికి ఎలా చేరిందన్నదే తెగని ప్రశ్న. తొలి కేసుల్లో చాలా వాటికి వూహాన్‌లోని హువానాన్ మార్కెట్‌తో సంబంధం కనిపించింది. ఆ నగరంలోనే కరోనావైరస్‌లపై పరిశోధించే ప్రయోగశాలా ఉంది. ఆధారాల మొగ్గు జంతువుల నుంచి సోకడం వైపే ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2025 జూన్‌లో ప్రకటించింది. తొలి రోగుల నమూనాల జన్యుక్రమాలు, మార్కెట్‌లో అమ్మిన జంతువుల వివరాలు, ప్రయోగశాలల సమాచారం చైనా పూర్తిగా ఇవ్వనందున ప్రయోగశాల నుంచి వచ్చి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని కూడా ఆ బృందమే చెప్పింది.