పిలుపు ఒకరిది, ప్రయాణము అందరిది

విదేశ పరిశోధనాలయమునుండి వచ్చు నియామక పత్రముమీద ఒక్కరి పేరే యుండును. దానికి జవాబు చెప్పవలసినది ఆ ఒక్కరేనా?

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు భార్యను స్వదేశముననే విడిచి బోస్టనుకు వెళ్లిరి. ఆయన బృందము రూపొందించిన అమినోప్టెరిన్ అను మందు రక్తక్యాన్సరు సోకిన పిల్లల చికిత్సకు దారి తెరచినది. 1948లో ఆయన న్యూయార్కులో మరణించిరి, తిరిగి రానేలేదు. ఫలము లోకమునకు దక్కినది. వెలలో పెద్ద భాగము ఆ ఇల్లాలు చెల్లించినది.

అట్లయిన కుటుంబమును వెంట తీసికొనిపోయిన చాలునా? చాలదు. అమెరికాలో హెచ్-4 వీసాపై భర్త వెంట వెళ్లిన భార్యకు, ఎంత చదివినదైనను, 2015 వరకు ఉద్యోగానుమతి లేదు. పిమ్మట సైతము కొందరికే లభించినది. బిడ్డలు బడిని, స్నేహితులను, అవ్వాతాతలను విడువవలెను. కలిసి వెళ్లినంతమాత్రమున నష్టము సమముగా పంచబడదు.

నా మాటయు చెప్పెదను. డాక్టరేటు నిమిత్తము పరదేశమునకు వెళ్లునపుడు నా భార్యతో "బయలుదేరుము" అంటిని, "నీకు సమ్మతమేనా?" అని అడుగనైతిని. ఆమె వచ్చినది. ఆ రాకనే సమ్మతియని నేను తప్పుగా అనువదించుకొంటిని.

జ్ఞానార్జనకై దూరదేశము వెళ్లుట దోషము కాదు. అయితే ప్రియ చదువరులారా, జవాబు వ్రాయకముందే ఇంటివారితో కూర్చుండి, ఎవరేమి విడువవలసివచ్చునో వారి నోటనే వినుడి. "వద్దు" అను మాటకు మీ నిర్ణయమును మార్చు శక్తి యుండవలెను. ఆ స్వేచ్ఛ లేనిచోట "సరే" అనుట సమ్మతి కానేరదు.